లంబసింగి చలి లెక్క కుదరడం లేదు, ఎవరైనా చెప్పగలరా?

గ్రూప్స్‌కి భూగోళం చదువుతున్నాను. ట్రోపోస్ఫియర్‌లో (నేలకి ఆనుకుని ఉండే వాతావరణ పొర) కిలోమీటరు ఎత్తుకి సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుందని, గాలిని ప్రధానంగా వేడెక్కించేది నేలేనని, అక్కడిదాకా అర్థమైంది. కానీ లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తే కదా, ఆ లెక్కన తెల్లవారుజామున విశాఖలో 17 డిగ్రీలుంటే అక్కడ 10 దాకా ఉండాలి, మరి 0 దగ్గరికి ఎలా పడిపోతుంది? డిసెంబర్‌లో వెళ్లినప్పుడు బండి సీటు మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది, చేత్తో తుడిస్తే గరగరలాడింది. పైగా లోయలో గజగజ వణికిపోయాం, కొంచెం పైకి ఎక్కగానే చలి తగ్గింది! ఉష్ణోగ్రతా విలోమం (పైకి వెళ్లేకొద్దీ చల్లబడాల్సింది పోయి వేడి పెరగడం) అంటే ఇదేనా? మబ్బుల్లేని రాత్రి నేల వేడి కోల్పోవడమా, బరువైన చల్లగాలి వాలు వెంట కిందికి జారడమా, ఏది ముఖ్య కారణం? పుస్తకంలో ఒక్క లైనుతో వదిలేశారు. పరీక్ష దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.