ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తోంది, బండి లాగడం లేదు. గేర్‌బాక్సా, క్లచ్చా?

రాయచోటి_రోడ్డు (కడప):
నమస్తే అందరికీ. మాది 2015 మోడల్ డీజిల్ కారు, మాన్యువల్ గేర్లు, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. ఊళ్లో తిరిగినంతసేపు బాగానే ఉంటుంది. రాయచోటిలో అమ్మావాళ్లింటికి వెళ్లేటప్పుడు గువ్వలచెరువు ఘాట్‌లోనే బాధంతా. మూడో గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం ముల్లు పైకి పోతుంది, స్పీడు పెరగదు. పైకి చేరేసరికి కాలిన వాసన. మొన్న వెనక లారీ హారన్ కొడుతూనే ఉంది, బండిలో పిల్లలున్నారు, చాలా టెన్షన్ పడ్డాను. ఇక్కడ ఒక షెడ్డులో చూపిస్తే, బండి నడిపి చూడకుండానే "గేర్‌బాక్స్ పోయింది, మొత్తం విప్పాలి" అన్నారు. నిజమేనా? ఈలోపు ఘాట్ ఎక్కొచ్చా?

అనంత_మెకానిక్ (అనంతపురం):
అక్కా, ముందు ఘాట్ సంగతి. పని అయ్యేదాకా ఎక్కొద్దు. ఎక్కుడులో మధ్యలో లాగడం ఆగిపోతే, వెనక లోడు లారీలుండే రోడ్డు అది.

ఇప్పుడు గేర్‌బాక్స్ విషయం. మాన్యువల్ గేర్‌బాక్స్‌లో పళ్ల చక్రాలు ఒకదాంట్లో ఒకటి కూర్చుని తిరుగుతాయి. అవి జారవు. గేర్‌బాక్స్‌లో తేడా ఉంటే గేర్ దానంతట అదే న్యూట్రల్‌లోకి వచ్చేస్తుంది, లేదా గేర్ వేసేటప్పుడు గరగరమంటుంది, లేదా ఊళ వేసినట్టు శబ్దం వస్తుంది. గేర్ పడే ఉంది, ఇంజిన్ మాత్రం అరుస్తోంది, వాసన వస్తోంది అంటే ఫ్లైవీల్‌కూ (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) ప్రెషర్ ప్లేట్‌కూ (క్లచ్ ప్లేట్‌ను ఆ చక్రానికి అదిమిపెట్టేది) మధ్య ఉండే క్లచ్ ప్లేట్ పట్టు తప్పిందని. ఊళ్లో తెలియదు, ఎందుకంటే అక్కడ బండి మీద లోడు పడదు. ఎక్కుడులోనే బయటపడుతుంది.

మీరే చూసుకోవచ్చు. చదునుగా ఉన్నచోట, ముందు ఎవరూ లేకుండా బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగండి. మూడో గేర్ వేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్ మెల్లగా వదలండి. కుడికాలు బ్రేక్ మీదే ఉండాలి. క్లచ్ బాగుంటే ఇంజిన్ వెంటనే ఆగిపోతుంది. పూర్తిగా వదిలినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటే ప్లేట్ జారుతోంది. మళ్లీ మళ్లీ చేయొద్దు, చేసినప్పుడల్లా ప్లేట్ కాలుతుంది.

మీది కేబుల్ క్లచ్ అయితే పెడల్‌కు కొంచెం ఫ్రీ ప్లే, అంటే తొక్కగానే మొదట్లో వదులుగా కదిలే జాగా, ఉందా చూపించండి. కేబుల్ మరీ బిగుతుగా ఉంటే ప్లేట్ ఎప్పుడూ పూర్తిగా పట్టుకోదు. కేవలం అడ్జస్ట్‌మెంట్‌తో సరిపోయిన బండ్లు చాలా చూశాను. గేర్‌బాక్స్ విప్పమనే ముందు ఇది చూడకపోవడం నాకు బాధేస్తుంది, డబ్బు పోయేది కస్టమర్‌దే కదా.

శ్రీశైలం_దారి (కర్నూలు):
మాది ఆటోమేటిక్, అలాంటివాళ్ల కోసం రాస్తున్నా. మా దాంట్లో క్లచ్ పెడల్ ఉండదు కాబట్టి లక్షణాలు వేరు. 'డి' (డ్రైవ్) లో వేశాక బండి కదలడానికి ఆలస్యం, గేరు మారేటప్పుడు కుదుపు, మధ్యలో ఆర్‌పీఎం ఎగరడం. అలా ఉంటే ముందు గేర్ ఆయిల్ లెవెల్, రంగు చూపించాలి. సాధారణంగా ఎర్రగా ఉండే ఆయిల్ నల్లబడి మాడువాసన వస్తుంటే లోపల ప్లేట్లు కాలుతున్నట్టే. సీవీటీ (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్) బండికి సీవీటీ ఆయిలే పోయాలి, బండితో వచ్చిన పుస్తకంలో రాసిన గ్రేడే. ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్స్‌లోనే గేర్లు వాటంతట అవే మారే రకం) అయితే లోపల మామూలు క్లచ్చే ఉంటుంది. ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లేటప్పుడు ఘాట్‌లో ట్రాఫిక్ ఆగితే, యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకుండా బ్రేక్ తొక్కి పట్టుకోండి.

రాయచోటి_రోడ్డు:
అన్నా, మీరు చెప్పినట్టే చేశాం. క్లచ్ పూర్తిగా వదిలినా ఇంజిన్ ఆగలేదు. మాది హైడ్రాలిక్ (కేబుల్ బదులు ద్రవం ఒత్తిడితో పనిచేసే క్లచ్) అట, అడ్జస్ట్‌మెంట్ లేదన్నారు. ఇంకో షెడ్డులో కిందినుంచి చూస్తే, ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట తడిగా ఆయిల్ కనబడింది. అదేం ఆయిల్?

అనంత_మెకానిక్:
అక్కా, అసలు దొంగ అదే కావచ్చు. వేలితో తీసి చూడమనండి. నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్, అంటే ఫ్లైవీల్ వెనక ఉండే క్రాంక్ సీల్ (ఇంజిన్ ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) కారుతోంది. చిక్కగా, ఘాటు గంధకం వాసనతో ఉంటే గేర్ ఆయిల్, అంటే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి గేర్‌బాక్స్‌లోకి వెళ్లే కడ్డీ) సీల్. ఏదైనా ప్లేట్ మీద పడితే పట్టు పోతుంది. సీల్ మార్చకుండా ప్లేట్ ఒక్కటే వేస్తే కొత్తదీ తడిసిపోతుంది.

ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కినప్పుడు ప్రెషర్ ప్లేట్‌ను నొక్కేది) మూడూ సెట్‌గా వేయించండి. గేర్‌బాక్స్ దించడానికే కూలీ ఎక్కువ, బేరింగ్ కోసం మళ్లీ దించడం దండగ. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, పగుళ్లు ఉన్నాయేమో చూడాలి. కొన్ని డీజిల్ బండ్లకు డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (మధ్యలో స్ప్రింగులతో రెండు ముక్కలుగా ఉండేది) ఉంటుంది, అది మోతాదుకు మించి ఊగుతుంటే మార్చాల్సిందే.

పాత ప్లేట్ మీకు చూపించమని ముందే చెప్పండి. రివెట్ల దాకా అరిగి ఉంటే అది వాడకం. మందంగానే ఉండి ఆయిల్‌తో తడిసి ఉంటే తప్పు సీల్‌ది. వాడకమైతే మాత్రం ఇకమీదట ఎడమకాలు పెడల్ మీద ఆనించి నడపొద్దు, ఎక్కుడులో ఆగినప్పుడు హాఫ్ క్లచ్‌తో (పెడల్ సగం తొక్కి పట్టుకుని) నిలపకుండా హ్యాండ్ బ్రేక్ వేయండి. దిగేటప్పుడు కూడా న్యూట్రల్ వద్దు, గేర్‌లోనే దిగండి.