పాత చర్చి గోడలకు చెమ్మ: కూల్చాలా, బాగుచేయాలా?

ప్రశ్న: డోర్నకల్ దగ్గరి కుర్రాడు
అందరికీ వందనాలు. మా పల్లె చర్చి పాతది. ఇటుక గోడలు, టేకు దూలాలు, పైన బెంగుళూరు పెంకులు. కిటికీలు పైకి కోసుగా ఉంటాయి, వరండా స్తంభాలేమో గుడి మండపంలో ఉన్నట్టు ఉంటాయి. కొన్నేళ్ల కిందట లోపల నడుమెత్తు వరకు సిమెంటు ప్లాస్టరింగ్ చేసి పెయింట్ వేశారు. ఇప్పుడు చెమ్మ దానికంటే పైకి ఎక్కింది. ముట్టుకుంటే ఇటుక పొడి రాలుతోంది. సంఘపెద్దలు కూల్చేసి స్లాబు వేద్దామంటున్నారు. మా నానమ్మ పెళ్లి అందులోనే, నా బాప్తిస్మం అందులోనే. మనసు ఒప్పడం లేదు. గోడ నిజంగానే పోయిందా? ఎప్పటి కట్టడమో ఎలా తెలుస్తుంది? శంకుస్థాపన రాయి మీద కూడా పెయింట్ కొట్టేశారు.

జవాబు: పాత మేస్త్రి
తమ్ముడూ, కూల్చనివ్వకు. ముందు ఇటుకల మధ్య మేకుతో గీకి చూడు. తెల్లగా, మెత్తగా రాలితే అది డంగు సున్నం. మా నాన్న ఆ పనిలోనే బతికాడు. సున్నాన్ని వారాల తరబడి నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో తిప్పేవాళ్లు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు పోసేవాళ్లు.

ఆ గోడ నేలలోని తేమను పీల్చినా గాలికి మళ్లీ వదిలేస్తుంది. సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. తేమ దాని వెనకే పైకి పాకి, ప్లాస్టరింగ్ అయిపోయిన చోట బయటపడుతుంది. వెంట వచ్చిన ఉప్పు అక్కడ గడ్డకట్టి ఇటుకను పిండి చేస్తుంది. నువ్వు చెప్పింది అచ్చంగా అదే. మన పెద్దలు ఏటా క్రిస్మస్‌కి ముందు సున్నం కొట్టింది అందం కోసమే కాదు, గోడ ఆరోగ్యం కోసం కూడా.

ఇంకొకటి, బయట సీసీ రోడ్డు వేశారా? చాలా ఊళ్లలో రోడ్డు మీద రోడ్డు వేసి, బయటి నేల చర్చి గచ్చు కంటే ఎత్తయిపోయింది. వాననీళ్లన్నీ పునాదిలోకే. ముందు గోడ చుట్టూ మట్టి దించి కాలువ తీయించండి. తర్వాత సిమెంటు ఒలిచేసి, ఎండాకాలమంతా గోడను ఆరనివ్వండి. ఆ పైన సున్నపు పూతే. స్లాబు ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

జవాబు: చరిత్ర టీచర్
రాయి మీది పెయింట్‌ను గీకకండి, అక్షరాలు పోతాయి. పెయింట్ రిమూవర్ రాసి, మెత్తని బ్రష్‌తో తీయండి. ఎస్.పి.జి. అనో, సి.ఎం.ఎస్. అనో మిషన్ పేరుంటే బహుశా 1947కి ముందుది. ఆ ఏడాది సెప్టెంబర్ 27న ఆ మిషన్ల సంఘాలు, మరికొన్ని కలిసి సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)గా ఏర్పడ్డాయి. పాస్టరేట్‌లో పాత బాప్తిస్మపు రిజిస్టర్లు ఉంటే అవీ చూడండి. చాలా పల్లెల్లో మొదట బడీ చర్చీ ఒకే పాకలో నడిచాయి, పక్కా కట్టడం తర్వాతే వచ్చింది.

స్తంభాల సంగతికి వస్తే, డోర్నకల్‌లోని ఎపిఫనీ కేథడ్రల్‌ని ఒకసారి నిదానంగా చూడండి. 1939లో ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు మసీదును, స్తంభాలు గుడి మండపాన్ని తలపిస్తాయి. 1912లో డోర్నకల్ బిషప్ అయి, ఆ కేథడ్రల్‌ని కట్టించిన అజరయ్య గారు, మన ఆరాధన మన నేలకు తగ్గట్టు ఉండాలని పట్టుబట్టిన మనిషి. 1924లో ప్రతిష్ఠ అయిన మెదక్ చర్చి అలా కాదు, అది గోతిక్ పద్ధతి, అంటే కోసు తోరణాల యూరప్ శైలి. మీ పల్లెలో కోసు కిటికీ, మండప స్తంభం పక్కపక్కనే ఉన్నాయంటే ఆ రెండు ఆలోచనలూ ఒకే గోడలో కలిశాయన్నమాట. అలాంటిదాన్ని కూల్చడం నాకైతే అన్యాయం అనిపిస్తుంది.

డోర్నకల్ దగ్గరి కుర్రాడు
మేస్త్రి గారూ, మీరన్నట్టే రోడ్డు మా గడప కంటే ఎత్తుంది. ఆదివారం కమిటీలో మాట్లాడతాను. దూలాలు కూడా పోయాయంటున్నారు, ఎలా చూడాలి?

పాత మేస్త్రి
నడిమి భాగం చూసి తేల్చొద్దు. గోడలోకి దిగిన చివర్లో స్క్రూడ్రైవర్‌తో గుచ్చు. దిగబడితే ఆ చివర వరకే కోసి, కొత్త టేకు అతికించొచ్చు. గుచ్చిన చోట ఫొటో తీసి ఇక్కడ పెట్టు, చూసి చెప్తాను.