పాచి కుళ్లితే చేపలు చచ్చేది ఊపిరాడకా, విషంతోనా?

పెన్నాగట్టు (కడప): 2019 సెప్టెంబరులో మన్నార్ సింధుశాఖలో నాక్టిల్యూకా పాచి పచ్చగా కమ్మి చేపలు చచ్చినాయి. ఆక్సిజన్ అయిపోయిందని కొందరు, విషమని కొందరు. మన చెరువుల్లోనూ ఇదే గొడవ. ఏది నిజం?

సీమఆక్వా (అనంతపురం): ఊపిరాడకే. పాచిలోని గ్రాము కార్బన్ కుళ్లేందుకు దాదాపు 2.7 గ్రాముల ఆక్సిజన్ కావాల. 30 డిగ్రీల్లో లీటరు మంచినీళ్లు పట్టుకునేదే 7.5 మిల్లీగ్రాములు, ఉప్పునీళ్లయితే 6 చిల్లర. ఇంకేం మిగులుతుంది?

తుంగభద్ర (కర్నూలు): సగమే చెప్పినావన్నా. నాక్టిల్యూకా కణం నిండా అమోనియా ఉంటుంది, పగిలితే అంతా నీళ్లలోకే. పైగా సముద్రపు నీళ్లలో లీటరుకు 2.7 గ్రాముల సల్ఫేట్ ఉంటుంది. అడుగున ఆక్సిజన్ పోతే బాక్టీరియా దాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువుగా చేస్తాయి. మన చెరువుల్లో అంత సల్ఫేట్ యాడిది? తానే విషం తయారుచేసే కరేనియా లాంటి పాచి అయితే కుళ్లే దాకా ఆగదు, తాను బతికుండగానే చేపల్ని చంపుతుంది.

సీమఆక్వా: పాచి చస్తే పీహెచ్ దిగుతుంది గదా. 30 డిగ్రీల్లో, పీహెచ్ 9 దగ్గర అమోనియాలో 40 శాతం పైన విషరూపమే. 7 దగ్గర ఒక శాతం కూడా ఉండదు. అంటే పాచి చచ్చినాక అమోనియా విషం తగ్గేదే.

తుంగభద్ర: చెరువులో సరే. సముద్రంలో పీహెచ్ అంతగా దిగదు.

పెన్నాగట్టు: మరి తేడా కనిపెట్టేదెట్లా?

తుంగభద్ర: చచ్చిన వేళ చూడు. తెల్లవారుజామున పెద్ద చేపలు ముందుగా, నోరు తెరుచుకుని చస్తే ఆక్సిజన్. మధ్యాహ్నం డీవో మీటరు (నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది) లీటరుకు 5 మిల్లీగ్రాముల పైన చూపిస్తుండగా చిన్నా పెద్దా కలిసి గింగిరాలు తిరిగి చస్తే విషాన్ని అనుమానించు. మీటరును అడుగు దాకా దించు. పైన 6, అడుగున సున్నా ఉండడం మామూలే. మొప్పలు చూడాలంటే కొనఊపిరితో ఉన్న చేపనే కొయ్యి. చచ్చి తేలినదాని మొప్పల రంగు నమ్మొద్దు.

పెన్నాగట్టు: మందులంగడాయన పాచి చావడానికి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వెయ్యమంటున్నాడు.

సీమఆక్వా: పాచి ముద్దకట్టినాక వెయ్యొద్దు. అంతా ఒక్కసారే చచ్చి ఆక్సిజన్ తాగేస్తుంది, మైక్రోసిస్టిస్ అనే విషపు పాచి అయితే లోపలి విషమూ కక్కుతుంది. తప్పదంటే నీళ్ల ఆల్కలినిటీని (క్షారగుణం, లీటరుకు మిల్లీగ్రాముల్లో) 100తో భాగించు, అన్ని పీపీఎం (లీటరుకు అన్ని మిల్లీగ్రాములు) మైలుతుత్తం. ఎకరా, 1.2 మీటర్ల లోతుకు 1 పీపీఎం అంటే 5 కిలోల లోపే. ఒక రోజుకు నాలుగోవంతు చెరువుకే చల్లు, రాత్రంతా ఏరేటర్ (నీళ్లలోకి గాలి కలిపే యంత్రం) తిప్పు. ఆల్కలినిటీ 50 లోపుంటే ముట్టుకోవద్దు.

తుంగభద్ర: 300 దాటినా దండగే, రాగి అడుగుకు దిగిపోతుంది. మన బోరు నీళ్లను పరీక్ష చేయించకుండా వెయ్యొద్దు. దానికన్నా అడుగు నీళ్లు తూములోంచి కొంత వదిలి కొత్తనీళ్లు పెట్టుకోవడం మేలు.

సీమఆక్వా: ఎండాకాలం అనంతపురంలో కొత్తనీళ్లు యాడనుంచి తెచ్చేదప్పా?

తుంగభద్ర: అందుకే ముందే చూసుకోమనేది. సెకీ పలక (నీళ్లలోకి దించి ఎంత లోతు దాకా కనిపిస్తుందో చూసే నలుపు తెలుపు బిళ్ల) 20 సెంటీమీటర్ల లోపే మాయమైతే ఆ రోజు నుంచే మేత, ఎరువు రెండూ ఆపు.