ఈమ్యాక్స్ ఆర్గ్ పట్టికల్లో తెలుగు గడులు వరుసలో నిలవడం లేదు, దారి చెప్పగలరా?

ఉబుంటు 24.04లో ఈమ్యాక్స్ (టెక్స్ట్ ఎడిటర్) 29.3 వాడుతున్నాను, పట్టికలు దానిలోని ఆర్గ్ మోడ్‌లో (నోట్సు, పట్టికలు రాసుకునే విధానం) ఉన్నాయి. ఇంగ్లిషుకు డెజావు శాన్స్ మోనో, తెలుగుకు నోటో శాన్స్ తెలుగు పెట్టాను. అక్షరాలు విరగడం లేదు, అక్షరాలను, వత్తులను కలిపి చూపే హార్ఫ్‌బజ్ పనిచేస్తోంది. 'లక్ష్మి', 'స్త్రీ' లాంటివన్నీ సరిగ్గానే కనిపిస్తున్నాయి.

చిక్కల్లా పట్టికలతోనే. ట్యాబ్ నొక్కితే ఆర్గ్ మోడ్ గడిని ఖాళీలతో నింపుతుంది. ఖాళీ వెడల్పు స్థిరం, తెలుగు అక్షరం వెడల్పు మాత్రం ఒక్కోదానిది ఒక్కోలా ఉంటుంది. ఆ తేడా పూర్తి ఖాళీల లెక్కకు సరిపోక నిలువు గీత ప్రతి వరుసలో కొంచెం పక్కకు జరుగుతోంది. ఇంగ్లిషు, తెలుగు కలిసిన వరుసల్లో మరీ ఘోరం.

ఇప్పటికే చేసినవి: ఫాంట్ అమరికను డీమన్ (వెనుక నడుస్తూ ఉండే ఈమ్యాక్స్) కోసం, కిటికీ తెరుచుకున్నాక నడిచే సర్వర్-ఆఫ్టర్-మేక్-ఫ్రేమ్-హుక్‌లోకి మార్చాను, ఎందుకంటే డీమన్ మొదలయ్యేటప్పుడు కిటికీ ఉండదు, ఆ అమరిక అంటుకోదు. వత్తుల వల్ల వరుసల ఎత్తు పెరుగుతుంటే ఫాంట్ సైజును తగ్గించే, పెంచే ఫేస్-ఫాంట్-రీస్కేల్-అలిస్ట్‌లో తెలుగుకు 0.85 ఇచ్చాను, ఎత్తు కుదిరింది, వెడల్పు కుదరలేదు. వాలైన్ ప్యాకేజీ పిక్సెళ్ల లెక్కన గీతలను చక్కగా నిలబెడుతోంది, కానీ వందల వరుసల పట్టికలో టైపింగ్ బాగా నెమ్మదిస్తోంది.

పెద్ద పట్టికలో వాలైన్‌ను కనిపిస్తున్న వరుసలకే పరిమితం చేయవచ్చా? లేదా అక్షరాల వెడల్పు పూర్తి ఖాళీల లెక్కకు సరిపోయే తెలుగు ఫాంట్ ఎవరైనా వాడుతున్నారా? ఫాంట్ పేరు, వాడే సైజు, దాన్ని తెలుగుకు కేటాయించడానికి రాసిన సెట్-ఫాంట్‌సెట్-ఫాంట్ వరుస యథాతథంగా పెడితే చాలా మేలు. ఫైలును సీఎస్‌వీగా మార్చమని మాత్రం చెప్పకండి, పట్టిక సూత్రాలు అందులో నిలవవు.