ఎడమ సీటు కింద నీళ్లు: ఏసీవా, వానవా? కార్పెట్ పీకాలా, ఎండబెడితే చాలా?

ఎంవీపీ కాలనీ, విశాఖ:
అందరికీ నమస్కారం. నాది ఏడేళ్ల నాటి పెట్రోల్ కారు, సన్‌రూఫ్ లేదు. పది రోజులుగా పొద్దున్నే డోరు తీస్తే తడిబట్టలు మూటగట్టి మరిచిపోయినట్టు వాసన. మొన్న మా అమ్మ ముందు ఎడమ సీట్లో కూర్చుని, చెప్పులు విప్పగానే "ఇక్కడంతా చెమ్మగా ఉందేంట్రా" అంది. మ్యాట్ తీసి బొటనవేలితో నొక్కితే కార్పెట్ లోంచి నీళ్లు ఊరాయి. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే డాష్‌బోర్డు దించాలి, 18,000 దాకా అవుతుందన్నారు. మా బావగారేమో రెండు రోజులు అద్దాలు దించి ఎండలో పెట్టమంటున్నారు. ఎవరి మాట వినాలి?

గాజువాక డ్రైవర్:
మీ బావగారి మాటే వినండి సార్. ఇరవై ఏళ్లుగా బండి తోలుతున్నాను, ప్రతి వానాకాలం ఇదే గోల. తడి గొడుగు, తడి చెప్పులు అన్నీ ఆ కాళ్ల దగ్గరే కదా పెడతారు. మ్యాట్ల కింద పాత పేపర్లు పరిచి, రెండు ఎండలు తగలనివ్వండి. కార్పెట్ మాత్రం పీకించకండి. ఒకసారి విప్పితే క్లిప్పులు విరుగుతాయి, మళ్లీ కంపెనీ ఫిట్టింగ్ రాదు.

కాకినాడ, ఏసీ మెకానిక్:
గొడుగు నీళ్లకు మ్యాట్ తడుస్తుంది అన్నా, కార్పెట్ అడుగు నుంచి ఊరదు. ఈయన చెప్పేది చూస్తే ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయినట్టుంది. మన బళ్లలో కూలింగ్ కాయిల్ ఎక్కువగా ఎడమవైపే, గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. గాలిలో తేమ దాని మీద నీరై, సన్న పైపు గుండా కారు కిందికి కారిపోవాలి. పైపు నోట్లో దుమ్ము బంకలా పేరుకుంటే అదే నీరు లోపలికి పొర్లుతుంది.

సార్, పైసా ఖర్చు లేని పరీక్ష చెప్తాను. పొడి నేల మీద బండి ఆపి, 20 నిమిషాలు ఏసీ వేసి ఉంచండి. విశాఖ ఉక్కపోతకు కింద చిన్న మడుగు కట్టాలి. చుక్క కూడా పడకపోతే పైపే అనుమానం. డాష్‌బోర్డు దించే ముందు ఆ పైపు శుభ్రం చేయించండి. గట్టి తీగతో మాత్రం పొడవనివ్వకండి, పైపు చిరిగితే అప్పుడు నిజంగానే డాష్‌బోర్డు దించాలి.

ఇంకో మాట. ఆ నీళ్లు వేళ్ల మధ్య రుద్ది చూడండి. జిడ్డుగా ఉండి తీపి వాసన వస్తే అది కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం), అంటే డాష్‌బోర్డు లోపల వేడిగాలి ఇచ్చే హీటర్ కోర్ కారుతున్నట్టు. బానెట్ తీసి కూలెంట్ డబ్బాలో మట్టం చూసుకోండి.

హనుమకొండ:
ఏసీ వాళ్లకు అన్నీ ఏసీ జబ్బుల్లాగే కనిపిస్తాయని అనను గానీ, నా బండికి కూడా ఇదే మాట చెప్పారు. పైపు శుభ్రం చేయించాను, వారంలో మళ్లీ తడి. మాది వేపచెట్టు కింద పార్కింగ్. ముందు అద్దం అడుగున, వైపర్ల దగ్గర ఉండే నల్ల ప్లాస్టిక్ జాలీ తీస్తే దోసెడు వేపాకు కుళ్లి ఉంది. వాన నీరు పోయే దారి మూసుకుపోయి, ఏసీ గాలి కొట్టే బ్లోయర్ లోంచి లోపలికి దిగుతోంది. కాబట్టి ఏసీ పరీక్షతో ఆగొద్దు. ఏసీ ఆపేసి, ఒకరు లోపల టార్చ్ పట్టుకుని కూర్చోవాలి, ఇంకొకరు పైపుతో నీళ్లు వదలాలి. ముందు డోరు మీద, తర్వాత అద్దం అడుగున, ఒక్కో చోట ఐదు నిమిషాలు. ఒకేసారి బండంతా తడిపితే ఏ దారిన వచ్చిందో తెలియదు.

కార్పెట్ విషయంలో డ్రైవర్ గారితో నేను గట్టిగా విభేదిస్తాను. నా కార్పెట్ పైన చేత్తో తడిమితే పొడిగానే ఉండేది. ఎత్తి చూస్తే కింద రెండంగుళాల ఫోమ్, గుప్పెట్లో పిండితే నల్లటి నీళ్లు. దాని పక్కనే వైర్ల సాకెట్, పిన్నుల మీద పచ్చటి చిలుం. రెండు ఎండలు కాదు, పది ఎండలు పెట్టినా ఆ ఫోమ్ కారులో ఉండగా ఆరదు.

గాజువాక డ్రైవర్:
వైర్ల సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటాను. అయినా మొత్తం పీకనక్కర్లేదు. డోరు కింద ఉండే గుమ్మం పట్టీ విప్పి, ఆ మూల వరకు కార్పెట్ ఎత్తి, కింద ఇటుక పెట్టి ఫ్యాన్ గాలి తగిలించండి.

మిషిగన్ నుంచి:
ఇక్కడ బూట్లకంటిన మంచుతో చలికాలమంతా ఇదే బాధ. తడి ఆరే దాకా రీసర్క్యులేషన్ బటన్ నొక్కొద్దు. లోపలి తేమ లోపలే తిరుగుతుంది, అద్దం లోపలివైపు ఆవిరి పడుతుంది. బయటి గాలి తీసుకుంటూ, ఏసీ వేసే ఉంచి, వేడి కొంచెం పెంచితే అద్దం త్వరగా తేటపడుతుంది.

కాకినాడ, ఏసీ మెకానిక్:
నిజమే. కానీ మా కోస్తాలో ఇంకో రకం ఉంది. రాత్రి ఏసీ చల్లదనానికి అద్దం బయటివైపు మసకబారుతుంది. దానికి వైపర్ వేసి, అద్దం మీదికి కొట్టే చల్లగాలి తగ్గించాలి. ముందు వేలితో గీసి ఏ వైపో చూసుకోండి.

ఎంవీపీ కాలనీ, విశాఖ:
ఇవాళ చేశాను. 20 నిమిషాలకు కింద చుక్క లేదు. వీధి చివర మెకానిక్ కింది నుంచి పైపు నోరు శుభ్రం చేయగానే బురదనీళ్లు ఒక్కసారిగా ధారకట్టాయి. 300 తీసుకున్నాడు. కూలెంట్ మట్టం సరిగ్గానే ఉంది. గుమ్మం పట్టీ విప్పి చూస్తే ఫోమ్ హనుమకొండ వారు చెప్పినట్టే ఉంది, ఇటుక పెట్టడం కుదరలేదు, సీటు దించి ఆ వైపు కార్పెట్ బయటికి తీయించాను. రెండు క్లిప్పులు విరిగాయి, అదీ నిజమే. ఇప్పుడది మేడ మీద పిట్టగోడకు వేలాడుతోంది, ఇంకా కారుతూనే ఉంది. అది ఆరేలోపు, కింద ఇనుము కనబడుతుండగానే ఆదివారం నీళ్ల పరీక్ష కూడా చేస్తాను. మా తమ్ముడు టార్చ్ పట్టుకుని కూర్చుంటానన్నాడు.