నెలకు నాలుగుసార్లు తలనొప్పి: మా అమ్మాయిది పార్శ్వపు నొప్పేనా?

ప్రశ్న (నరసరావుపేట నుంచి ఒక తల్లి):
మా అమ్మాయి పదో తరగతి. ఏడాదిగా నెలకు మూడు, నాలుగుసార్లు కణతలు రెండూ టకటక కొట్టుకుంటున్నాయంటుంది. బడి నుంచి వచ్చి తలుపులు మూసుకుని చీకట్లో పడుకుంటుంది. నేను పోపు వేస్తే ఆ వాసనకే వాంతి. మూడు గంటలయ్యాక లేచి మామూలుగా అన్నం తింటుంది. కళ్లద్దాలు వేయించాం, సైనస్ అని ఎక్స్‌రే తీయించాం, గుణం లేదు. పరీక్ష రోజే వస్తుంది కాబట్టి నటన అన్నారు బడిలో. అప్పటి నుంచి నొప్పి వచ్చినా నాకు చెప్పడం లేదు. అదే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. పార్శ్వపు నొప్పి ఒక పక్కే వస్తుందంటారు కదా? స్కానింగ్ చేయిస్తే తెలుస్తుందా?

జవాబు (పిల్లల వైద్యురాలు, వరంగల్):
అమ్మా, పిల్లల్లో ఇది రెండు పక్కలా రావడమే ఎక్కువ. పెద్దల్లో కనీసం నాలుగు గంటలు ఉండాలంటారు గానీ, పద్దెనిమిదేళ్లలోపు వారికి రెండు గంటలున్నా లెక్కే. పార్శ్వపు నొప్పిని, అంటే మైగ్రేన్‌ను పట్టిచ్చే స్కానింగ్ లేదు, అడిగి తెలుసుకోవలసిందే. మూడు ప్రశ్నలు అడగండి. నొప్పి వచ్చినప్పుడు వెలుతురు భరించలేకపోతోందా? వికారం ఉంటోందా? గత మూడు నెలల్లో ఒక్క రోజైనా చదువు, పనులు ఆగాయా? రెండింటికి అవునంటే మైగ్రేన్ అయ్యే అవకాశం ఎక్కువ, వైద్యుడికి చూపించాలి. నిద్రలోంచి లేపేసే నొప్పి, తెల్లవారుతూనే వాంతులు, దగ్గితే పెరగడం, చూపు రెండుగా కనిపించడం ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి. ఉన్నట్టుండి భరించలేనంత నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

జవాబు (ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు):
పరీక్ష రోజున రావడం నటనకు రుజువు కాదండీ. ముందురోజు రాత్రి నిద్ర ఉండదు, పొద్దున టిఫిన్ ఉండదు, పైగా భయం. మా బడిలో హాజరు పట్టీ పక్కన తలనొప్పి అని రాసిపెట్టడం మొదలుపెట్టాక, మళ్లీ మళ్లీ వచ్చేవి అవే నాలుగైదు పేర్లని తెలిసింది. అంతకుముందు నేనూ వాళ్లను కసిరినవాడినే. ఆ పిల్లల ముఖాలు ఇప్పటికీ గుర్తొస్తాయి.

జవాబు (బీటెక్ రెండో ఏడు):
అక్కా, నొప్పి వచ్చిన తేదీలతో పాటు మందుల షాపు మాత్రలు ఎన్ని వేసుకుంటోందో కూడా రాయించండి. ఇంటర్‌లో నేను రోజు విడిచి రోజు వేసుకునేదాన్ని. నెలకు పదిహేను రోజులు, అంతకన్నా ఎక్కువ వేసుకుంటే ఆ మాత్రలే నొప్పి తెస్తాయని డాక్టరు చెప్పేదాకా తెలియదు.

మళ్లీ ప్రశ్న అడిగిన తల్లి:
నిన్న రాత్రి పక్కన కూర్చుని అడిగాను. మూడింటికీ అవునంది. "అయితే నువ్వు నమ్ముతున్నావా అమ్మా?" అంది. చాలాసేపు ఏడ్చాం ఇద్దరం. డాక్టరుగారు చెప్పిన ప్రమాద సూచనలేవీ లేవు. గుర్తున్నంతవరకు తేదీలు రాయిస్తే, గత నాలుగుసార్లలో మూడు ఆరున్నర ట్యూషన్‌కు ఏమీ తినకుండా వెళ్లిన రోజులే. ఆ నోట్‌బుక్ పట్టుకుని సోమవారం గుంటూరు వెళ్తున్నాం.