బత్తాయి కాయ మీద మంగు: నల్లి పనా, తామర పురుగు పనా?

ఎర్రచెల్క:
నల్లగొండ వైపు మూడెకరాల్లో 200 సాత్‌గుడి రకం బత్తాయి చెట్లు, ఆరేళ్లవి, 25 అడుగుల ఎడం. సీజన్ కాపు, కాయ ఇప్పుడు నిమ్మకాయంత ఉంది. కొన్ని కాయలకు తొడిమ చుట్టూ ఉంగరంలా బూడిద రంగు గీత పడింది. మరికొన్నిటికి ఒక పక్కంతా గోధుమ రంగు తిరిగింది. నాలుగు చినుకులు పడ్డాక వచ్చిన చిగుళ్ల మీద వెండి గీతలు కూడా కనిపిస్తున్నాయి. మందుల కొట్లో ఇమిడాక్లోప్రిడ్, లాంబ్డా సైహలోత్రిన్ అనే పురుగు మందులు, కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు, పైన 19:19:19 ఎరువు, నాలుగూ ఒకే డ్రమ్ములో కలిపి కొట్టమన్నారు. కొట్టాలా? అసలు ఇది ఒక పురుగు పనా, రెండు మూడా?

తొడిమ:
మూడు వేర్వేరు పురుగులన్నా. అందుకే ఆ డ్రమ్ము కలపకముందే ఆగండి.

తొడిమ చుట్టూ ఉంగరం తామర పురుగుది. పూరేకులు రాలిన వెంటనే పిందె తొడిమ దగ్గరి పచ్చ రేకుల కింద దూరి తొక్క గీకుతుంది. కాయ పెరిగేకొద్దీ ఆ గీత తొడిమ నుంచి దూరం జరిగి ఉంగరంలా కనిపిస్తుంది. అంటే మీరు ఇప్పుడు చూస్తున్నది మూడు నాలుగు నెలల కిందటి దెబ్బ. పురుగు ఎప్పుడో వెళ్లిపోయింది, దానికి ఇప్పుడు మందు కొట్టినా డబ్బు దండగే.

ఒక పక్కంతా తిరిగిన గోధుమ రంగునే మంగు అంటారు, అది మంగు నల్లి పని. ఈ నల్లి ఇప్పటికీ కాయ మీదే ఉండొచ్చు. మామూలు కంటికి కనపడదు, పొడవు మిల్లీమీటరులో ఏడెనిమిదో వంతు. 10 రెట్ల లెన్సుతో కష్టం, 20 రెట్లది కొనండి. కాయ మీద నేరుగా ఎండ పడే చోటా కాదు, కటిక నీడలోనూ కాదు, ఆ రెండింటికీ మధ్య అంచు దగ్గర చూడాలి. పసుపు పిండి చల్లినట్టు, ఒక కొస లావుగా, ఇంకో కొస సన్నగా ఉన్న నలుసులు కదిలితే అదే.

అడ్డదిడ్డంగా నడుస్తూ 20 చెట్లు, ఒక్కోదానికి నాలుగు దిక్కులా ఒక్కో కాయ, మొత్తం 80 చూడండి. మంగు పట్టిన కాయను కాదు, దాని పక్కనున్న పచ్చ కాయను చూడాలి. తొక్క చెడిన చోట నల్లికి తిండి ఉండదు, అది పక్క కాయకు మారుతుంది. చాలామంది ఇక్కడే పొరపడతారు: నల్లబడిన కాయను లెన్సు కింద పెట్టి, ఏమీ లేదని వదిలేస్తారు.

చిగురాకు:
వెండి గీతల సంగతి. అది ఆకుముడత పురుగు. ఆకు పొరల మధ్య పాము పాకినట్టు తొలిచి, చివరకు ఆకు అంచు మడిచి అందులో కోశస్థ దశకు వెళ్తుంది. లేత ఆకు మీదే దాని ఆట, ఆకు ముదిరితే ముట్టదు. ఆరేళ్ల చెట్టు ఈ నష్టం తట్టుకుంటుంది, కాపు మీద పెద్దగా తేడా రాదు. ఖాళీల్లో కొత్తగా నాటిన మొక్కలుంటే వాటికి మాత్రం కొట్టాలి: చిగురు రెండంగుళాలు రాగానే లీటరుకు 5 మి.లీ. వేపనూనె సబ్బుతో, లేదా ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్ అర మి.లీ. పది రోజులకు ఇంకోసారి, రెండోసారి మందు మార్చి. చిగురు ముదిరాక కొట్టడం దేనికీ పనికిరాదు.

నిమ్మ తోట అయితే ఇంకాస్త జాగ్రత్త. పురుగు చేసిన గాయాల్లోంచే గజ్జి తెగులు లోపలికి పోతుంది.

చిగుళ్ల దగ్గర సిల్లా పురుగును కూడా చూసుకోండి, చెట్టును నెమ్మదిగా చంపే గ్రీనింగ్ తెగులును మోసేది అదే. కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి కర్రతో మూడుసార్లు తట్టండి. రాలిన గోధుమ రంగు చిన్న పురుగు, తల కిందికి వెనక పైకి ఎత్తి ఏటవాలుగా కూర్చుంటే సిల్లా. అంటు కింద మొలిచే మొలకలు, నీటి కొమ్మలు తీసేస్తే దీనికీ ఆకుముడతకూ సగం మేత పోయినట్టే.

పాదు:
మంగు నల్లికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. చవక, పని చేస్తుంది. మీ కొట్టతను చెప్పినదాంట్లో నల్లి మీద పనిచేసేది ఒక్కటీ లేదు. డైకోఫాల్ అనే నల్లి మందు పాత డబ్బా ఎవరైనా ఇస్తే తీసుకోకండి, 2023లోనే నిషేధించారు.

తొడిమ:
పాదు గారు, గంధకం సరే కానీ జూన్ ఎండల్లో జాగ్రత్త. 32, 33 డిగ్రీలు దాటితే ఆకు, కాయ మాడతాయి. మబ్బు పట్టి చల్లబడిన రోజే కొట్టాలి. నూనె మందు కొట్టిన మూడు వారాల లోపు అసలు వద్దు. ఎండ తగ్గకపోతే ప్రోపర్‌గైట్ 57 ఈసీ అనే నల్లి మందు లీటరుకు 1 మి.లీ. సాయంత్రం పూట. దాన్నీ నూనెతో కలపకూడదు.

కొట్టతని డ్రమ్ములో అసలు చిక్కు ఇంకోటుంది. మంగు నల్లిని చంపే హిర్సుటెల్లా అనే శిలీంధ్రం తేమ రోజుల్లో తోటలోనే పుడుతుంది, రాగి మందు దాన్ని చంపేస్తుంది. లాంబ్డా ఏమో నల్లిని తినే మిత్ర పురుగులను చంపుతుంది. రెండూ కలిపి కొడితే మూడు వారాల్లో నల్లి ఇంకా పెరుగుతుంది. గజ్జి కోసం రాగి తప్పకపోతే వాడండి, కానీ వాడిన తర్వాత లెన్సు జేబులోనే ఉంచుకోండి.

ఎర్రచెల్క:
80 కాయలు చూసిన. ఉంగరం 9 కాయలకు, మంగు 14 కాయలకు. పసుపు నలుసులు కదిలినవి 11, అన్నీ పడమటి గట్టు వైపు నాలుగు వరసల్లోనే. సిల్లా కనపడలేదు. తోట మొత్తం కొట్టాల్నా?

తొడిమ:
వద్దు. ఆ నాలుగు వరసలు, వాటి పక్కన ఇంకో రెండు. మిగతా తోటలో వారానికోసారి 20 కాయలు చూడండి, కొత్తగా రెండింటి మీద కనిపిస్తే అప్పుడు ఆ వైపు కొట్టండి. ఎండలో నల్లి తరం వారం పది రోజుల్లో పూర్తవుతుంది, పదిహేను రోజులకోసారి చూస్తే చేయి దాటిపోతుంది.

చెట్టుకు ఐదారు లీటర్లు పట్టాలి. పవర్ స్ప్రేయర్ గొట్టం గుబురు లోపలికి దూర్చి, కింది నుంచి పైకి, లోపలి నుంచి బయటికి. బయటి ఆకులు తడిపి వచ్చేస్తే కాయ వెనక భాగం పొడిగానే ఉంటుంది.

పాదు:
గంధకం వాడితే ముందు బకెట్లో కొద్ది నీళ్లతో జావలా కలిపి, గుడ్డలో వడకట్టి డ్రమ్ములో పోయండి. మనిషి కలుపుతూనే ఉండాలి. లేకుంటే పొడి అడుక్కి చేరుతుంది: కొన్ని చెట్లకు ఉత్త నీళ్లు, కొన్నిటికి ఆకు మాడేంత చిక్కటి మందు. ఒకసారి పట్టిన మంగు మాత్రం పోదన్నా. లోపల రసానికి పెద్ద నష్టం లేదు, మార్కెట్లోనే రేటు కోస్తారు.

చిగురాకు:
ఉంగరం రాకుండా వచ్చే పూతకు ఇప్పుడే రాసి పెట్టుకోండి. రేకులు మూడొంతులు రాలిన రోజు నుంచి నాలుగు వారాలు, మూడు రోజులకోసారి పూగుత్తిని తెల్ల కాగితం మీద దులపాలి. సన్నటి పసుపు పిల్లలు పరిగెత్తితే స్పైనోసాడ్ 45 ఎస్‌సీ లీటరుకు 0.3 మి.లీ., సాయంత్రం తేనెటీగలు వెళ్లాక. పూత నిండుగా ఉన్నప్పుడు ఏ మందూ వద్దు.

ఇక ఆగస్టు నుంచి కాయ రంగు తిరిగేటప్పుడు రాత్రిళ్లు రసం పీల్చే రెక్కల పురుగు వస్తుంది. దాని గొంగళి తిప్పతీగ, దూసరితీగ మీద పెరుగుతుంది. మీ పడమటి గట్టున అవి ఉంటే ఇప్పుడే వేళ్లతో సహా పీకేయండి.